అక్కకు తప్ప

తమ్ముడు పింటు సంగతి ఇంట్లో తనకు తప్ప అందరికీ తెలుసని లావణ్యకు బుధవారం పొద్దున తెలిసింది.

అప్పుడు ఎనిమిదిన్నర అయింది. పాల కోసం వచ్చేవాళ్లు తగ్గి, పెరుగు కోసం వచ్చేవాళ్లు ఇంకా మొదలుకాని వేళ. పాతబస్తీ గౌలిపురలో వాళ్ల కొట్టంటే పెద్దదేం కాదు, చిన్నాయన ఇంటి ముందరి గది. ఒక గట్టు, గట్టు మీద కాటా, వెనక పెరుగు గంగాళాలు. లావణ్య కాపురముండేది పక్క గల్లీలోనే అయినా పొద్దున ఐదు నుంచి పదకొండు దాకా ఆ గట్టు వెనకే ఉంటుంది. ఆమె పెరుగు తూచి కవర్లలో పోసి మూతి బిగిస్తుంటే, నాయనమ్మ ఆగమ్మ గడప పక్కన పీట మీద కూర్చుని, కవర్లు కట్టడానికి దారం ముక్కలు తెంపి ఇస్తోంది. ఎనభై దాటినా ఆ పని ఇంకొకరి చేతికివ్వదు.

"ఆదివారం పదకొండు గంటలకు పోదమని చెప్పిన నాయనమ్మా," అంది లావణ్య. "చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దాటంగనే వాళ్ల ఇల్లు. పిల్ల పేరు కీర్తిప్రియ. బడిల లెక్కలు చెప్తది. ఫోటోల కంటె ఎదురుంగ బాగుంది."

ఆగమ్మ దారం తెంపింది. "ఆ పొల్లకు చెప్పినవా?"

"ఏం చెప్పాలె?"

"మన పింటుగాని సంగతి."

"ఏం సంగతి?"

ఆగమ్మ చేతిలో దారపు ఉండ ఆగిపోయింది. మనవరాలి మొహంలోకి కాసేపు చూసి, "నీకు చెప్పలేదా వాడు?" అంది. ఆ తర్వాత లావణ్య ఎంత గుచ్చి అడిగినా ముసలామె నోరు విప్పలేదు. "నా నోట్లెకెళ్లి రావద్దు బిడ్డా. అందరికి చెప్పిండు గదా, నీకు అందరికంటె ముందు చెప్పిండనుకున్న," అని మాత్రం అంది.

అందరికీ అన్న మాట దగ్గర లావణ్య మనసు ఇరుక్కుపోయింది. తర్వాత వచ్చిన ఇద్దరికి కిలో బదులు అరకిలో ఇచ్చి, మళ్లీ పిలిచి సరిచేసింది. పింటుకు రోగమేదన్నా ఉందా? ఎవరి పిల్లనన్నా మనసులో పెట్టుకున్నాడా? ఉద్యోగం మానేశాడా? పత్తర్‌గట్టిలో కళ్లద్దాల దుకాణానికి రోజూ పొద్దున టిఫిను డబ్బా పట్టుకుని తన ముందునుంచే పోతాడు. పోతూ "అక్కా, పోయొస్త" అంటాడు. ఇరవయ్యారేళ్ల తమ్ముడు, అమ్మానాన్నా పోయాక తన చేతుల్లో పెరిగినవాడు. వాడి చొక్కా కొలత, వాడికి పడని కూరలు, వాడికి జ్వరం వచ్చే ముందు కళ్లు ఎట్లా ఎర్రబడతాయో కూడా ఆమెకు తెలుసు. ఆమెకు తెలియని సంగతి ఒకటి వాడి దగ్గర ఉండటమే వింత. అది అందరి దగ్గరా ఉండటం ఇంకా వింత.

మధ్యాహ్నం భర్త వేణుగోపాల్ అన్నానికి వచ్చాడు. అతను కరెంటు ఆఫీసులో లైన్‌మన్. స్తంభాలెక్కే తోలు బెల్టు తలుపు వెనక తగిలించి, కాళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. లావణ్య పప్పు వడ్డిస్తూ మామూలుగా అడిగినట్టు అడిగింది.

"పింటు నీకేమన్న చెప్పిండా?"

వేణుగోపాల్ నమలడం ఆపాడు. ఆ ఆగడంతోనే ఆమెకు అర్థమైపోయింది.

"నీకు గూడనా?"

"ఎవరు చెప్పిన్రు?" అన్నాడతను.

"నువ్వు చెప్పు."

అతను ముద్ద మింగి, నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టాడు. "పింటుకు ఆడపిల్లల మీదికి మనసు పోదంట. మొగపిలగాండ్ల మీదికే పోతదంట. చిన్నప్పటి సంది గట్లనే అంట. పెళ్లి చేసుకోడంట."

లావణ్య గంటె పప్పు గిన్నెలో పెట్టి కూర్చుంది. అలాంటి వాళ్లుంటారని ఆమె వినకపోలేదు. ఫోన్లో చూసింది. టీవీలో చూసింది. అయితే వాళ్లెవరూ టిఫిను డబ్బాలో రెండు చపాతీలు ఎక్కువ పెట్టమని అడిగినవాళ్లు కారు. కోపం వస్తుందేమోనని చూసుకుంది, రాలేదు. ఏడుపూ రాలేదు. ఆమె నోట వచ్చింది వేరే మాట.

"నీకెప్పుడు చెప్పిండు?"

"పోయిన ఎండకాలం. మన ఇంట్ల ఫ్యాన్ ఊడదీసి ఎక్కించినం గదా, ఆ రోజు. నేను స్టూలు మీద నిలబడి ఫ్యాన్ పట్టుకున్న. కిందికెళ్లి స్క్రూ ఇచ్చుకుంట చెప్పిండు."

"నువ్వేమన్నవ్?"

"రెండు చేతుల ఫ్యాన్ ఉంది. ఏమంట? ఇంకో స్క్రూ ఇయ్యి అన్న."

"గంతేనా?"

"గంతే. ఇచ్చిండు. బిగించిన. కిందికి దిగినంక చాయ్ తాగినం." వేణుగోపాల్ కొంచెం సిగ్గుపడ్డాడు. "అప్పటికి గదే తోచింది. తర్వాత రెండు దినాలు నిద్ర పట్టలే, అది నిజమే. ఇంక తర్వాత అలవాటైంది."

"సంవత్సరం పైన నా పక్కనే పండుకున్నవ్. నాకొక్క మాట చెప్పలే."

"చెప్పొద్దన్నడు. అక్కకు నేనే చెప్పుకుంట బావా అన్నడు."

అతను బెల్టు తీసుకుని వెళ్లిపోయాక ఆమె కంచం కడుగుతూ చాలాసేపు నిలబడింది. ఒక మనిషికి తన మనసు ఎటు పోతుందో ఎట్లా తెలుస్తుంది? సాయంత్రం వేణుగోపాల్ తిరిగి వచ్చి చెప్పులు విప్పుతుండగానే అడిగింది. "నీకు నేనంటే ఇష్టమని ఎట్ల తెలిసింది?"

అతను నిజాయితీగా ఆలోచించాడు. "మీ చిన్నాయన చెప్పిండు," అన్నాడు.

*

గురువారం మూడు గంటలకు లావణ్య ఉప్పుగూడ వైపు ఉన్న పాకకు పోయింది. చిన్నాయన ఈశ్వరయ్య పధ్నాలుగు బర్రెలను రెండు వరసల్లో కట్టి, కుడితి కలిపి, మధ్యాహ్నం పాలు పిండటం మొదలుపెట్టాడు. చిన్నమ్మ ఆండాలు దూడలను ఒక్కొక్కటిగా విప్పి తల్లి దగ్గరికి వదిలి, పాలు చేపుకు రాగానే లాక్కొచ్చి మళ్లీ గుంజకు కడుతోంది. బిందెలో పాలధార సన్నగా మొదలై, నిండేకొద్దీ బొంగురుపోతోంది. ఈ చప్పుడు ఆగేదాకా చిన్నాయనను పలకరించకూడదని ఇంట్లో అందరికీ తెలుసు. లావణ్య ఆగలేదు.

"చిన్నాయనా, పింటు నీకెప్పుడు చెప్పిండు?"

ఈశ్వరయ్య చేతులు ఆగలేదు. తల మాత్రం బర్రె డొక్కకు ఆనించి ఒక క్షణం కళ్లు మూసుకున్నాడు. ఆండాలు దూడ తాడు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"గా చివర బర్రె ఈనిన దినం," అన్నాడాయన. "దూడ అడ్డం తిరిగింది. డాక్టర్ రాంగ రాంగ రెండు గంటలు పట్టింది. అప్పటిదాక నేను, వాడు, బర్రె. వాడు దాని తల ఒళ్లె పెట్టుకుని కూసున్నడు. ఉన్నట్టుండి 'చిన్నాయనా, నాకు పెళ్లి చెయ్యొద్దు, నాకు మొగోళ్ల మీదనే మనసు' అన్నడు. నాకు మొదలు అర్థం గాలే. ఇంకోసారి చెప్పిచ్చుకున్న."

"మరి ఏమన్నవ్?"

"ఏమనలే. దూడ బతికింది. నేను వానితోని నాలుగు నెలలు మాట్లాడలే." బిందె జరిపి, మోకాళ్ల మధ్య సరిచేసుకున్నాడు. "అది తప్పే. నాకు ఎరుకే. ఇంకో బర్రె ఈనినంక మీ చిన్నమ్మ జున్ను వండింది. వాని గిన్నె వాని గదికి నేనే తీస్కపోయిన. తింటుంటే ఎదురుంగ కూసున్న. అప్పటి సంది మాట్లాడుతున్న."

ఆండాలు దూడను కట్టి దగ్గరికి వచ్చింది. "నాకు మీ చిన్నాయన చెప్తే తెల్వలే, వాడే చెప్పిండు. నేను తాయెత్తు కట్టిపిచ్చిన. నా మనసు నొప్పియ్యొద్దని నెలదినాలు కట్టుకున్నడు. తర్వాత కాయితంల మడిచి, 'చిన్నమ్మా, ఇది పని చెయ్యలే' అని ఇచ్చిండు."

"మరి నేను సంబంధం మాట్లాడుతున్నప్పుడు చెప్పొద్దా? ఆదివారం పిల్లను చూడపోతున్నమని తెలిసి, ఏ చీర కట్టుకోవాలని నన్నే అడిగితివి గదా చిన్నమ్మా."

"పెళ్లయితే సర్దుకుంటడేమో అనుకున్న," అంది ఆండాలు. ఆ మాట అన్నాక తనకే అది నచ్చనట్టు చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఆ పిల్ల?"

ఈశ్వరయ్య ఆ బర్రెను పిండటం ముగించి లేచాడు. నురగ మీద వేలు పెట్టి ఈగను తీశాడు. "వాడు నీకు చెప్తడనుకున్నం. నీకు చెప్పకుండ వాడు ఎన్నొద్దులుంటడు? నువ్వే ఆపుతవనుకున్నం. నువ్వేమో ఇంకింత జోరుగ తిరగబట్టినవ్. అప్పుడనుకున్న, చెప్పిండు కావచ్చు, విని గూడ ఇట్ల చేస్తుంది కావచ్చు అని."

లావణ్యకు అది చెంపదెబ్బలాగే తగిలింది. తెలిసీ ఒక ఆడపిల్లను తెచ్చి కట్టబెట్టే మనిషిగా తనను వీళ్లు అనుకున్నారు. పైగా పింటు. ఆదివారం అని చెప్పినప్పుడు వాడు ఏమన్నాడు? భుజం మీది బ్యాగు సర్దుకుంటూ, "నీ ఇష్టం అక్కా" అన్నాడు. ఆ "నీ ఇష్టం" ఆమెకు అప్పుడు తీయగా వినపడింది.

*

శుక్రవారం నమాజు అయ్యి దుకాణాలు మళ్లీ తెరిచాక లావణ్య పత్తర్‌గట్టికి పోయింది. నాయనమ్మ కళ్లజోడు కాడ వదులైందన్నది సాకు. నిజానికి తమ్ముణ్ని చూడాలనిపించింది, ముందెప్పుడూ చూడనట్టు.

దుకాణం కమాను కింద ఇరుకుగా, లోపలికి పొడవుగా ఉంటుంది. పింటు తెల్ల కోటు వేసుకుని ఒక ముసలి బురఖా ఆమె ఎదురుగా నిలబడి ఉన్నాడు. అక్కను చూసి కళ్లతోనే కూర్చోమన్నాడు. ముసలామెకు కొత్త అద్దాలు పెట్టి, చేతికి సూది, దారం ఇచ్చాడు. "అబ్ దేఖో నానీ. ధాగా డాలో."

ఆమె దారం తడిచేసి సూదిలోకి తోసింది. తప్పింది. మళ్లీ తోసింది. మళ్లీ తప్పింది. లావణ్య వేళ్లు తనకు తెలియకుండానే ముందుకు కదిలాయి. ఆ సూది లాక్కుని అర నిమిషంలో ఎక్కించి ఇవ్వొచ్చు. పింటు రెండు చేతులూ వెనక కట్టుకుని నిలబడ్డాడు. తొందర చేయలేదు. మూడోసారి దారం దూరింది. "ఆ గయా," అంది ముసలామె, చిన్నపిల్లలా తల ఎత్తి. అప్పుడు వాడు నవ్వాడు.

ఆ నవ్వు లావణ్య చూస్తూనే ఉండిపోయింది. వాడిలో ఏదన్నా తేడా కనిపిస్తుందేమోనని వచ్చింది. చేతులు అవే. గడ్డం దగ్గర ఎప్పుడో సైకిలు మీద నుంచి పడ్డ మచ్చ అదే. తేడా ఏదన్నా ఉంటే, వాడు ఇక్కడ ఇంట్లోకంటే నిటారుగా నిలబడుతున్నాడు. అంతే.

నాయనమ్మ జోడు తీసుకుని, సన్నటి స్క్రూ బిగించి, మెత్తని గుడ్డతో రెండు అద్దాలూ తుడిచాడు. తుడుస్తూ, తల ఎత్తకుండా అడిగాడు. "ఆదివారం ఎన్ని గంటలకన్నవ్ అక్కా?"

పన్ను పీకించుకోవడానికి టైము అడిగినట్టుంది ఆ గొంతు. మొన్నటిదాకా ఆమెకు అది వినపడలేదు.

"పదకొండు," అంది. నాకు తెలుసురా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా యజమాని ఉన్నాడు, గిరాకీ ఉంది. అదీ కాక, వాడు చెప్పని మాట తాను లాక్కోవడం దొంగతనంలా అనిపించింది. జోడు తీసుకుని లేచింది.

చిన్నాయన ఇంటికి రాగానే నాయనమ్మ పక్కన చాప మీద కూర్చుంది. ఆగమ్మ జోడు పెట్టుకుని, తల అటూ ఇటూ ఆడించి, జారడం లేదని తృప్తిపడింది.

"నాకే ఎందుకు చెప్పలే నాయనమ్మా? నేను తిడ్తననా? ఎన్నడన్న వాన్ని ఒక్క మాటన్ననా?"

"పురుషోత్తం కొడుకు యాదికున్నడా?" అంది ఆగమ్మ. "ఆరో తరగతిల వీన్ని కొట్టిండు."

"ఎందుకు లేదు. వాళ్ల ఇంటి ముంగట నిలబడి అడిగిన గదా. మళ్ల వీని మీద చెయ్యెత్తిండా?"

"ఎత్తలే. నువ్వు గల్లీ అంత జమ చేసినవ్. ఆడోళ్లు, మొగోళ్లు, దుకాణపోళ్లు, అందరొచ్చిన్రు. ఎందుకు కొట్టిండో, ఏమని వెక్కిరించిండో అందరి ముంగట చెప్పిచ్చినవ్. ఆ మాట గల్లీ అంత పాకింది. ఆ పిలగాడు మళ్ల కొట్టలే. ఆడుకోను గూడ రాలే. వాడే గాదు, ఒక్కడు రాలే. యాడాదంత వీడు బడి నుంచి వచ్చి నా పక్కన కూసుని దారాలు తెంపిండు."

లావణ్యకు ఆ సాయంత్రం గుర్తుంది. గెలిచి ఇంటికి వచ్చినట్టు గుర్తుంది. పింటు ఆ రోజు అన్నం తిన్నాడా లేదా అన్నది గుర్తులేదు. ఆ పిల్లగాడు ఏమని వెక్కిరించాడో కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. ఆడంగి అన్నాడు.

"నువ్వు తిడ్తవని వానికి భయం లేదు బిడ్డా," అంది ఆగమ్మ. "నువ్వు వాని దిక్కు నిలబడ్తవని భయం. అక్కకెందుకు చెప్పలేదురా అని మొన్న రాత్రి అడిగితే, అక్కకు చెప్పుడు కంటె పెళ్లి చేసుకునుడే అల్కగ, సులువుగ ఉంటది నాయనమ్మా అన్నడు. ఒక్కటిచ్చిన వీపు మీద. ఇంకొకరి బిడ్డ బతుకుతోని నీ అల్కదనం ఏందిరా అన్న."

బయట పాలక్యాన్ల బండి వచ్చి ఆగింది. దింపించుకోవాల్సింది లావణ్యే. రెండుసార్లు హారన్ కొట్టేదాకా లేవలేదు.

*

శనివారం ఒక్కతే ఆటో ఎక్కి చాంద్రాయణగుట్ట పోయింది. కీర్తిప్రియ వాళ్లది రెండో అంతస్తు. గుమ్మానికి కొత్త కర్టెన్, మడతల గీతలు ఇంకా పోలేదు. తల్లి ఎదురొచ్చి, కుర్చీ తుడిచి, చాయ్ పెట్టింది. రేపటికి ఎంతమంది వస్తారని అడిగింది.

"రేపు వస్తలేము పిన్నీ," అంది లావణ్య. "మా తమ్ముడు పెళ్లి చేసుకోడు. వాన్ని సరిగ అడగకుండ నేను మాటిచ్చిన. తప్పు నాది."

ఆమె మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత మొహం ఎర్రబడింది. "మా పిల్లల ఏం వంక కనపడ్డది?"

"ఏ వంక లేదు. బంగారమసొంటి పిల్ల."

"మరి ఇంకో మంచి సంబంధం దొరికిందా? చెప్పరాదు, మేమేం కొడ్తమా."

"లేదు పిన్నీ. నాదే తప్పు."

"ఇరవయ్యారేండ్లోన్ని అడగకుండ మాటిచ్చిందంట. మీ ఇంట్ల పెద్దోళ్లు లేరా, అన్ని నువ్వేనా?" గొంతు పెరిగింది. పక్క వాటా తలుపు కొంచెం తెరుచుకుంది. "అసలు మీ తమ్మునికి ఏమన్న రోగమా? చెప్పు. రోగమున్నోన్ని మా నెత్తిన పెడదామనుకున్నరా?"

లావణ్య పళ్లు బిగించింది. ఈ మాట ఇంకెవరన్నా అని ఉంటే, ఇంకే రోజన్నా అని ఉంటే, ఆమె ఈ పాటికి లేచి నిలబడి ఉండేది. జవాబులు వరసకట్టి వచ్చాయి. ఒక్కోటీ మింగింది. ఏది చెప్పినా వాడి సంగతి అంచు బయటపడుతుంది. కుర్చీ చేతిని పట్టుకుని, పక్కవాటా తలుపు వైపు చూడకుండా, మూడోసారి అంది.

"నాదే తప్పు పిన్నీ. మిమ్ముల ఆశ పెట్టిన. కాళ్లు మొక్కుత, మన్నించుండ్రి."

చాయ్ అట్లాగే ఉంది. మెట్లు ఒక్కొక్కటే దిగింది. దెబ్బలాడి వచ్చినప్పుడు ఎప్పుడూ ఇంత మెల్లగా దిగలేదు.

కింద గేటు దగ్గరికి వచ్చేసరికి వెనక చెప్పుల చప్పుడు. కీర్తిప్రియ చున్నీ సర్దుకుంటూ దిగివచ్చింది. చేతిలో పిల్లల పరీక్ష పేపర్ల కట్ట, వేళ్లకు ఎర్ర సిరా.

"అక్కా, ఆగుండ్రి. మీకు తెలిసిందా?"

లావణ్య గేటు మీది చెయ్యి తీసి వెనక్కి తిరిగింది. "ఏం తెలవాలె?"

పిల్ల ఇరుకున పడ్డట్టు చూసింది. ఇద్దరూ కాసేపు ఒకరి మొహం ఒకరు చదువుకున్నారు. ముందు లావణ్యకే అర్థమైంది.

"నీకు గూడ చెప్పిండా?"

"గురువారం ఫోన్ చేసిండు," అంది కీర్తిప్రియ.

లావణ్యకు నవ్వు వచ్చింది. అది ఏడుపు పక్కనుంచే వచ్చింది. మొగుడు, చిన్నాయన, చిన్నమ్మ, నాయనమ్మ, చివరకు వాడికి ఒక్కసారి కూడా ఎదురుపడని ఈ పిల్ల. "ఎట్ల చెప్పిండు?" అని అడిగింది. నాలుగు రోజులుగా అందర్నీ అడుగుతున్నది అదే.

"'మీరు లెక్కల టీచర్ గదా, సూటిగ చెప్త' అన్నడు. సూటిగనే చెప్పిండు. నాకు కోపం వచ్చింది. ఫోన్ పెట్టేసిన. పది నిమిషాలైనంక మళ్ల నేనే చేసిన. ఇది నాకు మూడో సంబంధం అక్కా. నాతోని నిజం మాట్లాడింది మాత్రం ఈయనొక్కడే." పేపర్ల కట్ట ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "నేను రేపు చూసినంక అబ్బాయి నచ్చలేదని చెప్త అన్న. అట్లయితే మీ తమ్మునికి మాట రాదు. మా అమ్మ తిడ్తది, తిట్టని. మీరు ముందే వచ్చిన్రు."

"మీ అమ్మతోని చెప్పలేదా మరి?"

"చెప్పలే. చెప్పను. ఆయన చెప్పుకునే ముచ్చట అది." కాసేపాగి, "మీకు మాత్రం అస్సలు చెప్పొద్దన్నడు. 'మా అక్కకు నేనే చెప్పాలె, వేరేటోళ్ల నోట వినొద్దు, అది చెప్పుడే నాకు కష్టం' అన్నడు," అంది.

ఫ్లైఓవర్ కింద బస్సుల రొద. లావణ్య ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, ఏమనాలో తెలియక, "కర్టెన్ మంచిగుంది" అంది.

*

ఆదివారం పొద్దున పెరుగుకు గిరాకీ ఎక్కువ. మాంసం వండే ఇళ్లన్నీ వస్తాయి. పది దాటాక కొంచెం సందు దొరికింది. పింటు లోపలినుంచి వచ్చాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. నాయనమ్మ వాణ్ని చూసి, దారపు ఉండ ఒళ్లోంచి దించి, చేతికర్ర పట్టుకుని ఇంట్లోకి పోయింది. వాడు స్టూలు లాక్కుని గట్టు వెనక, అక్క పక్కన కూర్చున్నాడు.

"నీకు తెలుసని నాకు తెలుసు," అన్నాడు. "కీర్తిప్రియ ఫోన్ చేసింది. అక్కడ నువ్వేం మాట్లాడినవో గూడ చెప్పింది. అయినా నేను చెప్పాలె."

లావణ్య పెరుగు చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, ఒళ్లో పెట్టుకుంది. "చెప్పు," అంది.

వాడు చెప్పాడు. తేలిగ్గా రాలేదు. మొదలుపెట్టి ఆపి, గట్టు మీది తడిని వేలితో గీస్తూ, మళ్లీ మొదలుపెట్టాడు. బావకు చెప్పిన మాటలు కావు, చిన్నాయనకు చెప్పినవీ కావు. ఏడో తరగతిలో పక్క బెంచీ పిల్లగాడు రాని రోజు బడే వద్దనిపించేదని చెప్పాడు. పోనుపోనూ పోతుందని ఆగిన సంవత్సరాలు చెప్పాడు. "ఇది రోగం గాదక్కా. నువ్వు తేలేదు, అమ్మ పోయినందుకు రాలేదు. నేనే గిట్ల," అన్నాడు. లావణ్యకు మధ్యలో పదిసార్లు మాట అడ్డం వేయాలనిపించింది. ఒళ్లో చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"పెళ్లి వద్దని నీతోని అననీకి నోరు రాలే," అన్నాడు చివరికి. "వద్దంటే ఎందుకంటవ్. ఎందుకో చెప్తే ఇంక అది నా చేతుల ఉండదు. నువ్వు అందరితోని కొట్లాడ్తవ్. నా కోసమే కొట్లాడ్తవ్, నాకు ఎరుకే. కానీ అక్కా, నువ్వేం చెయ్యొద్దు. నాకు గదే గావాలె."

"ఏం చెయ్య," అంది లావణ్య. ఆ రెండు మాటలకు ఎంత బలం కావాలో ఆమెకు అప్పుడే తెలిసింది.

గడపలో నీడ పడింది. ఎదురింటి మున్నీ, స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది. గల్లీలో ఎవరింట్లో ఏం ఉడికినా ముందు ఆమెకే వాసన తగులుతుంది.

"అర్ధకిలో ఇయ్యి లావణ్యా. ఏంది, ఇయ్యాల పిల్లను చూడపోతున్నమంటివి. ఇంకా గిక్కన్నే ఉన్నరు? ఏమైంది సంబంధం?"

లావణ్య గిన్నె అందుకుంది. తమ్ముడి తరఫున జవాబు చెప్పడం ఆమెకు ఊపిరి తీసినంత అలవాటు. జాతకాలు కలవలేదనొచ్చు. వాళ్లకు ఊళ్లో చావైందనొచ్చు. నీకెందుకు అనొచ్చు. ఆమె గిన్నె కాటా మీద పెట్టి, అంకెలు సున్నాకు వచ్చేదాకా చూసి, పెరుగు వేయడం మొదలుపెట్టింది. మున్నీ ఆమె వైపు చూసి, పింటు వైపు చూసింది.

"నేనే వద్దన్న పిన్నీ," అన్నాడు పింటు.

"ఎందుకురా? పిల్ల నచ్చలేదా?"

"పిల్ల మంచిది. నేను పెళ్లి చేసుకోను."

"గదేం మాట? మొగపిలగానివి, పెళ్లి చేసుకోకుంట ఉంటవా?" మున్నీ గట్టు మీదికి వంగింది. "ఏందే లావణ్యా, వాడట్ల అంటుంటే నువ్వు నోరు మూసుకుని కూసున్నవ్. నువ్వేమంటవ్?"

"వాడు చెప్పిండు గదా," అంది లావణ్య. గిన్నె ఆమె చేతికి ఇచ్చింది.

మున్నీ ఇంకో మాట కోసం కాసేపు చూసింది. రాకపోయేసరికి, పెరుగు ఒలకకుండా చెంగు కప్పుకుని మెట్టు దిగింది. సాయంత్రానికి గల్లీలో ఈ మాట నలుగురి నోళ్లలో నలుగుతుందని ఇద్దరికీ తెలుసు. పింటు చెవులు ఎర్రగా ఉన్నాయి. భుజాలు మాత్రం వంగలేదు.

"నన్ను ఇంకేమన్న అడుగుతవా అక్కా?"

అడగాల్సినవి ఆమె దగ్గర గంగాళం నిండా ఉన్నాయి. ఎవరన్నా ఉన్నారా, ఉంటే ఏం పేరు, ఏం పని చేస్తాడు, అన్నం తింటాడా రొట్టె తింటాడా, ముసలితనంలో ఎవరు చూసుకుంటారు, బయట ఎవరన్నా ఏమన్నా అంటే ఎట్లా. నాలుగు రోజులుగా ఇంటింటికీ తిరిగి అందరినీ వాడు ఎట్లా చెప్పాడని అడిగింది, వాళ్లేమన్నారని అడిగింది. వాడిని అడగాల్సింది ఒకటి ఉందని, దాన్ని వీళ్లెవ్వరూ అడిగినట్టు చెప్పలేదని ఆమెకు ఇప్పుడు తట్టింది.

"ఇన్నొద్దులు ఎట్లున్నవ్ రా?" అంది.

పింటు నోరు తెరిచి మూశాడు. గల్లీ వైపు తిరిగి, పోయే బండ్లను చూస్తూ కూర్చున్నాడు. గడపలోకి ఇద్దరు గిరాకీలు వచ్చి నిలబడ్డారు.

"జర ఆగుండ్రి," అంది లావణ్య వాళ్లతో. తమ్ముడి వైపు తిరిగి, వాడు చెప్పేదాకా కూర్చుంది.